ధూమకేతువు, రాజరహస్యం, ప్రమాణవిచారం



విశ్వావసు నామ సంవత్సర కార్తికంలో, మొంథా తుపాను తీరం దాటిన రెండు మూడు దినాలకు, మా కొండకర్ల ఆవ గట్టున ప్రాతఃసంధ్య ముగించుకొని వస్తూండగా తాటిదోనె నడిపే వృద్ధుడొకరు నన్ను ఆపి అడిగినాడు. "పంతులుగారూ, ఆకాశంలో ఏదో తోకచుక్కంట. సూర్యుడి ఎనకాలకెళ్ళి దాక్కుందంట. అమెరికావోళ్ళు ఫొటోలు తీసి దాచేసినారంట. ఈ గాలివాన కూడా దాని మూలానే అంటన్నారు. నిజమేనా బాబూ? శాంతేటన్నా సేయించాలా?"

అతని చేతిలోని చరవాణిలో ఒక దృశ్యఖండం నడుస్తూనే ఉన్నది. వెనుక భయానక సంగీతం, ముందు కాలజ్ఞానం పేరు చెప్పి గంభీరస్వరంతో హెచ్చరిస్తున్న వక్త. నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయినాను. "సాయంకాలం గుడికి రండి, మాట్లాడుకుందాం" అని వచ్చివేసినాను. ఆ సంకోచానికి కారణం ఈ వ్యాసంలో ముందు ముందు చెప్పుకొంటాను. ప్రశ్న మాత్రం అల్పమైనది కాదు. రాజ్యాధికారం ఆకాశాన్ని ప్రజల కన్నుల నుండి దాచగలదా? పూర్వం దాచినదా? దాచినదని మనకు తెలియడమెట్లు? చరిత్రా ప్రమాణశాస్త్రమూ కలిసి సమాధానం చెప్పవలసిన ప్రశ్న ఇది.

మొదట విషయం. 2025 జులై 1న చిలీ దేశంలోని అట్లాస్ దూరదర్శిని ఒక కొత్త ధూమకేతువును కనుగొన్నది. దాని గమనాన్ని గణించగా అది సూర్యునికి బద్ధమైనది కాదనీ, నక్షత్రాంతర దేశం నుండి వచ్చి మరలి పోతున్న అతిథి అనీ తేలింది. 2017లో ఔమువామువా, 2019లో బోరిసోవ్, వాటి తరువాత తెలియవచ్చిన మూడవ అతిథి కనుక దానికి 3ఐ/అట్లాస్ అని పేరు. సెకనుకు సుమారు 60 కిలోమీటర్ల వేగం. అక్టోబరు 3న అంగారకునికి దాదాపు 3 కోట్ల కిలోమీటర్ల దూరంలో సాగి, అక్టోబరు 29న సూర్యునికి అత్యంత సమీపస్థానం చేరింది. డిసెంబరు 19న భూమికి అతి చేరువగా వచ్చినప్పుడు సైతం 27 కోట్ల కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. అంటే సూర్యుడు మనకున్న దూరానికి దాదాపు రెండింతలు.

శంక పుట్టిన చోటు అంగారకుని సమీపం. నాసా వారి అంగారక కక్ష్యానౌక అక్టోబరు 2న ఆ ధూమకేతువును చిత్రించింది. అంతకు ముందురోజే అమెరికా ప్రభుత్వంలో నిధుల బిల్లు ఆమోదం పొందక కార్యాలయాలు మూతపడినాయి. ఆ స్తంభన 43 దినాలు, నవంబరు 12 వరకు సాగింది. ఈలోగా ధూమకేతువు సూర్యుని ఆవలి వైపునకు పోయి భూమి నుండి కనబడకుండా పోయింది. చిత్రం ఉన్నది, వెలువడలేదు. వస్తువు ఉన్నది, కనబడలేదు. ఇంతకంటె శంకకు సారవంతమైన క్షేత్రమేది? హార్వర్డ్ ఆచార్యుడు ఏవీ లోయెబ్ ఇది కృత్రిమ యంత్రం కావచ్చుననే ఊహను అదివరకే లోకం ముందుంచి ఉన్నాడు. సహజమైన ధూమకేతువే అయ్యే అవకాశం అధికమని ఆయనే ఒప్పుకొన్నమాట మాత్రం చరవాణులలోకి ఎక్కలేదు. అక్టోబరు 31న అమెరికా ప్రతినిధుల సభ సభ్యురాలు అన్నా పౌలీనా లూనా ఆ చిత్రాలు బయటపెట్టవలసిందని నాసా అధిపతికి లేఖ వ్రాసింది. చట్టసభ సభ్యురాలే అడుగుతున్నదంటే ఏదో ఉన్నదనే కదా, అని లోకం అనుకొన్నది.

ఇక్కడ ఒక విశేషాన్ని పాఠకులు గమనించవలెను. ఈ ధూమకేతువును భయపడినవారిలో ఒక్కరూ కంటితో చూడలేదు. అది ఏనాడూ దూరదర్శిని సాయం లేక కనబడేటంత కాంతి పొందలేదు. మన పూర్వులు తోకచుక్కను చూసి భయపడినారు. మనం విని భయపడినాము. ప్రత్యక్షం లేదు, ఉన్నదంతా శబ్దమే. కనుక విచారమంతా "ఎవరు ఆప్తులు?" అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

ధూమకేతువుల విషయంలో మన శాస్త్రకారులు ఎంత జాగరూకులో తలచుకొన్నప్పుడెల్లా నాకు ఆశ్చర్యమే. 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో కేతుచారాధ్యాయాన్ని ఆరంభిస్తూనే, వీటి ఉదయాస్తమయాలు గణితవిధితో తెలియదగినవి కావని స్పష్టంగా ఒప్పుకొన్నాడు. గ్రహణాన్ని ఘడియ విఘడియలతో చెప్పగల సిద్ధాంతకర్త తన గణితానికి అందని వస్తువును అందదని చెప్పినాడు. కేతువులు 101 అని కొందరు, 1000 అని కొందరు, ఒక్కటే అనేక రూపాల దాల్చుతున్నదని నారదుడు, ఇట్లా మతభేదాలను దాచకుండా వరుసగా పెట్టినాడు. పైగా అన్నీ అశుభాలని అనలేదు. కుముదకేతువు, పద్మకేతువు వంటివి సుభిక్షకారకాలని ఫలం చెప్పినాడు. ఈనాడు వరాహమిహిరుని పేరు చెప్పి భయపెట్టే వక్తలు ఆ శ్లోకాలను ఎందుచేత విడిచిపెడతారో వారే చెప్పాలి.

అయితే సంహితలలోని ఫలాలను ఎవరిని ఉద్దేశించి చెప్పినారు? ప్రధానంగా రాజును. ఫలానా దేశాధిపతికి హాని, ఫలానా రాజ్యానికి క్షోభ, ఇవీ ఫలాలు. కనుక ఆకాశవార్త రాజుకు ప్రాణసంకటమైన వార్త. దానిని ఎవరు ముందు చూసినారు, ఎవరికి చెప్పినారు అన్నది రాజ్యతంత్రం అవుతుంది. ఈ తంత్రాన్ని చట్టంగా మార్చిన దేశం చైనా. 7వ శతాబ్దిలో కూర్చిన తాంగ్ వంశ ధర్మసంహిత ప్రకారం ఖగోళ పరికరాలను, ఆకాశశకునాల గ్రంథాలను సామాన్యుడు ఇంట ఉంచుకోవడమే నేరం. శిక్ష రెండు సంవత్సరాల కఠిన శ్రమ. ఆకాశం చక్రవర్తి సొత్తు. దానిని చదివే అధికారం ఆయన ఖగోళశాలకే ఉన్నది.

మనవారికి అంతగా తెలియని ముచ్చట మరొకటి. ఆ చక్రవర్తి ఖగోళశాలకు 8వ శతాబ్ది తొలిపాదంలో అధిపతిగా ఉన్నవాడు భారతీయ వంశజుడు. పేరు గౌతమ సిద్ధుడు, చైనా ఉచ్చారణలో చుతాన్ శీతా. మన నవగ్రహ గణితాన్ని చైనా భాషలోకి తెచ్చి, శూన్యానికి బిందువు గుర్తును అక్కడి వారికి పరిచయం చేసినవాడు ఆయనే. ధూమకేతు శకునాలతో సహా అంతకు ముందరి ఖగోళశకునాలన్నిటినీ 120 అధ్యాయాల ఉద్గ్రంథంగా సంకలనం గావించినాడు. ఆ గ్రంథం రాజమందిరం దాటి రాలేదు. కాలక్రమేణ లుప్తమైనదనే అనుకొన్నారు. తిరిగి 17వ శతాబ్ది ఆరంభంలో ఒక పురాతన బుద్ధవిగ్రహం లోపల దొరికినదట. రాజు మూసిన ఆకాశం ఒక దేవతామూర్తి గర్భంలో దాగి బయటపడడం గర్భాలయంలో జీవితం గడుపుతున్న నావంటి అర్చకునికి ఎంతగానో నచ్చే కథ.

కనుక "ప్రభుత్వాలు ఆకాశాన్ని దాస్తాయా?" అని శంకించడం మూర్ఖత్వమని నేననను. దాచినాయి. మన కౌటిల్యుడు ఇంకొక మెట్టు ముందుకు వెళ్ళి, లేని అద్భుతాలను రాజే సృష్టించే ఉపాయాలు చెప్పినాడు. అర్థశాస్త్రం పంచమాధికరణంలో కోశాభిసంహరణ ప్రకరణాన్ని తిరుపతిలో విద్యార్థిగా మొదట చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. కోశం ఖాళీ అయిన రాజు రాత్రికి రాత్రే దేవస్థానం వెలసినట్లు చూపించి యాత్రలూ ఉత్సవాలూ జరిపించి ద్రవ్యం సమకూర్చుకోవచ్చునట. అకాలంలో వృక్షం పూచి కాచినదని చూపి దేవత వచ్చినదని చాటవచ్చునట. నమ్మనివారి సంగతికీ అక్కడ ఉపాయం ఉన్నది, అది చెప్పడానికి నాకు నోరు రాదు. ధర్మశాస్త్రం దీనిని సమ్మతించదు. అర్థశాస్త్రం మాత్రం లోకంలో జరిగేదాన్ని నిర్మొహమాటంగా వ్రాసిపెట్టింది.

ఆధునిక కాలంలోనూ ఉదాహరణ ఉన్నది. అణుపరీక్షలను కనిపెట్టడానికి అమెరికా సైన్యం పంపిన వేలా ఉపగ్రహాలు 1967 జులై 2న అంతరిక్షం నుండి వచ్చిన ఒక గామా కిరణ విస్ఫోటాన్ని నమోదు చేసినాయి. విశ్వంలోని మహత్తర ఘటనలలో ఒకటైన ఆ విషయం లోకానికి తెలిసింది 1973లో, ఆరేళ్ళ తరువాత.

ఇక మన ప్రాంతపు చరిత్రకు వద్దాం. ఇది చైనా కథకు పూర్తిగా విరుద్ధం. మాకు దగ్గరలోని విశాఖపట్నంలో, డాబాగార్డెన్స్‌లో, 1840లో గోడే వెంకట జగ్గారావు గారనే జమీందారు సొంత ద్రవ్యంతో ఖగోళశాల నెలకొల్పినారు. ఆయన మద్రాసు ఖగోళశాలలో శాస్త్రం అభ్యసించి వచ్చినవారు. ఆయన అనంతరం అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు ఆ బాధ్యత వహించినారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటిన ఘట్టాన్ని వారు అక్కడినుండి పరిశీలించినారు. గ్రహణాలను, తోకచుక్కలను గమనించి, ఆ వివరాలను లండనులోని ఖగోళ సంఘానికి పంపి ప్రచురింపజేసినారు. ప్రభుత్వ సొమ్ము లేదు, ప్రభుత్వ అనుమతితో పని లేదు. పరాయి పాలనలో ఉన్న ఒక తెలుగు గృహస్థు ఆకాశాన్ని చూసి, చూసినదాన్ని లోకానికి పంపినాడు. వాత్స్యాయన మహర్షి న్యాయభాష్యంలో ఆప్తుని లక్షణం చెబుతూ, వస్తువును సాక్షాత్కరించుకొన్నవాడు, చూసినది చూసినట్లు చెప్పాలనే కోరిక గలవాడు ఆప్తుడని, ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమేనని అంటాడు. ఆ భాష్యపంక్తి పాఠం చెప్పేటప్పుడెల్లా నాకు డాబాగార్డెన్స్ జ్ఞాపకం వస్తుంది.

1872లో మరొక చిత్రం జరిగింది. బీలా అనే ధూమకేతువు తాలూకు ధూళిలో భూమి నవంబరు 27న మునిగి ఉల్కలు వర్షంలా కురిసినాయి. జర్మనీ నుండి క్లింకర్‌ఫ్యూస్ అనే పండితుడు మద్రాసు ఖగోళశాలలోని పాగ్సన్‌కు తంతి పంపినాడు. బీలా భూమిని తాకింది, ఇప్పుడు దక్షిణాకాశంలో ఫలానా నక్షత్రం దగ్గర వెదకుమని సారాంశం. భూమిని తాకిందన్న మాట! ఈనాడైతే ఆ ఒక్క వాక్యానికి ఎన్ని దృశ్యఖండాలు తయారయ్యేవో. పాగ్సన్ వెదకినాడు, డిసెంబరు మొదట్లో ఒక ధూమకేతువు కనబడింది, మబ్బులు పట్టినాయి. అది బీలాయేనా కాదా అన్న వాదం మిగిలింది. అంతా పత్రికలలో, బహిరంగంగా.

1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు దాని తోకలో విషవాయువు ఉన్నదని, మే 18, 19 తేదీలలో భూమి ఆ తోకలోంచి పోతుందని వార్త పుట్టి పాశ్చాత్య దేశాలే గడగడలాడినాయి. అదే సంవత్సరం, మా అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరంలో పుట్టిన గురజాడ అప్పారావు గారు ముత్యాల సరములు అనే గేయంలో ఆ తోకచుక్కను అరిష్టంగా కాక సంస్కరణకు శుభసూచనగా భావించినారు. ఆయన సంస్కరణలన్నీ మా కుటుంబంలోని పెద్దలకు రుచించినవి కావు. తోకచుక్క విషయంలో మాత్రం ఆయనది పద్మకేతువు ఫలం చెప్పిన సంహితాకారుని దృష్టికి దగ్గరగానే ఉన్నదని నా అభిప్రాయం.

స్కైలాబ్ సంగతి ఇక్కడి పెద్దలందరికీ గుర్తు. 1979 జులైలో 77 టన్నుల ఆ అంతరిక్షశాల ఎక్కడ పడుతుందో నాసాకే తెలియదు, తెలియదనే చెప్పింది. నాకు అప్పటికి ఏడేళ్ళు. తెలుగు నాట అనేక గ్రామాలలో జనం కోళ్ళను కోసుకొని తిన్నారు, దాచుకొన్న డబ్బు ఖర్చు పెట్టినారు. మా వీధిలో అప్పు ఇచ్చినవాడు వసూలు మానుకొన్నాడు, తీసుకొన్నవాడు మాత్రం మహానందంగా ఉన్నాడు. మా తాతగారు ఆ సాయంత్రం యథావిధిగా సంధ్యావందనం చేసి, మరునాడు చెప్పవలసిన పనస నాచేత వల్లె వేయించినారు. అది హిందూ మహాసముద్రంలోను ఆస్ట్రేలియా పశ్చిమభాగంలోను పడింది. నాసా ఆనాడు దాచలేదు. అయినా భయం కలిగింది. భయానికి రహస్యమే కారణమనడం పూర్తిగా సరికాదని ఇందువల్ల తెలుస్తుంది.

ఇప్పుడు నా సంకోచం సంగతి. 1997 వసంతంలో హేల్-బాప్ ధూమకేతువు సాయంసమయాన వాయవ్య దిక్కున కంటికి స్పష్టంగా కనబడేది. నేను అప్పటికి అర్చకత్వంలో కొత్తవాణ్ణి, ఇంట అవసరాలు మిక్కుటం. ఒక గ్రామంవారు వచ్చి కేతుశాంతి చేయించమన్నారు. ఉత్పాతశాంతి శాస్త్రంలో ఉన్నదే, అందులో దోషం లేదు. కాని వారు "చేయించకపోతే ఏమవుతుంది?" అని అడిగినప్పుడు నేను మౌనం వహించినాను. ఆ మౌనం వారి భయాన్ని రెండింతలు చేసింది, నా సంభావనను కూడా. ఒక ఇల్లాలు ముక్కుపుడక కుదువ పెట్టి తన వాటా ఇచ్చినదని తరువాత తెలిసింది. ధూమకేతువు తన దారిన తాను పోయింది. తెలిసీ చెప్పకపోవడం ఎంత పని చేస్తుందో నాకు పుస్తకం వల్ల తెలిసినది కాదు. అందుకే నాసా మౌనాన్ని గురించి తీర్పు చెప్పేముందు నా గొంతు కొంచెం తడబడుతుంది.

అయినా విచారించక తప్పదు. శంకించినవారి తర్కం మీమాంసకులు చెప్పే అర్థాపత్తిని పోలి ఉన్నది. దేవదత్తుడు పగలు తినడు, అయినా లావుగా ఉన్నాడు, కనుక రాత్రి తింటున్నాడని కల్పించక తప్పదు. అట్లాగే నాసా దగ్గర చిత్రం ఉన్నది, చూపలేదు, కనుక చూపరానిదేదో అందులో ఉన్నది. వినడానికి బాగున్నది. కాని అర్థాపత్తికి ప్రాణం అన్యథానుపపత్తి, అనగా మరొక విధంగా పొసగకపోవడం. ఇక్కడ మరొక విధంగా చక్కగా పొసగుతున్నది. 43 దినాలు కార్యాలయం మూతపడి, ప్రకటనలు చేసే విభాగాలు పని నిలిపినాయి. ద్వారం తెరిచిన వారానికి, నవంబరు 19న, చిత్రాలను బహిరంగ సమావేశంలో చూపినారు. దేవదత్తుడు రాత్రి తింటున్నాడని కాక, అతని ఇంటి తలుపు గడియ పడి ఉన్నదని తేలింది.

రెండవ పరీక్ష భాట్టమీమాంసకులూ వేదాంతులూ అంగీకరించిన అనుపలబ్ధి. ఘటం కనబడకపోవడం చేత ఘటం లేదని తెలుసుకొంటాము. కాని అది యోగ్యానుపలబ్ధి కావలెను, ఉంటే తప్పక కనబడే పరిస్థితి ఉండవలెను. చీకటి గదిలో కుండ కనబడలేదని లేదనరాదు. మాఘంలో మా ఆవ మీద మంచు కమ్మినప్పుడు పక్షులు కనబడవు, అంతమాత్రాన లేవనము. ఇప్పుడు చూడండి. నాసా దీపం ఆర్పివేసిన రోజులలో గది చీకటి అయినదా? ఐరోపా వారి అంగారకనౌక అక్టోబరు 3న తీసిన చిత్రాలను 7వ తేదీకే ప్రకటించినారు. చైనా తన త్యాన్‌వెన్ నౌక చిత్రాలను నవంబరు మొదటి వారంలో ప్రకటించింది. ఒకప్పుడు ఆకాశాన్ని చూసినవారిని శిక్షించిన దేశం అది! ధూమకేతువు సూర్యుని ఆవలి నుండి ఇవతలికి రాగానే మన అహమ్మదాబాదు భౌతిక పరిశోధనశాల వారు ఆబూ పర్వతం మీది 1.2 మీటర్ల దూరదర్శినితో నవంబరు 12 నుండి 15 వరకు పరిశీలించి ఫలితాలు వెల్లడించినారు. ఇంకా లోకమంతటా తమ మేడలమీద దూరదర్శినులు పెట్టుకొన్న గృహస్థులు, నర్సింగరావుగారి వారసులు, వేలమంది. గదినిండా దీపాలున్నాయి. అందులో యంత్రనౌక ఉంటే కనబడి ఉండవలసినది. కనబడినది ధూళి, మంచు, బొగ్గుపులుసు వాయువు. ఇక్కడి అనుపలబ్ధి యోగ్యమైనదే.

దాని స్వభావంలో వింతలు లేవా అంటే ఉన్నాయి. నీటికంటె బొగ్గుపులుసు వాయువు అనేక రెట్లు అధికంగా వెలువరించింది. నికెల్ కనబడినచోట ఇనుము తొలుత కనబడలేదు. మరొక సూర్యుని ఇంట పుట్టి కోటానుకోట్ల ఏళ్ళు శీతలాంధకారంలో తిరిగిన వస్తువు మన తోకచుక్కల వలె ఉండకపోవడంలో వింత ఏమున్నది? ఉంటేనే వింత.

అట్లని నాసా నిర్దోషి అనను. వాత్స్యాయనుడు చెప్పిన ఆప్తలక్షణంలో రెండు భాగాలున్నాయి: చూడడం, చెప్పగోరడం. చూసి, 48 దినాలు చెప్పనివాడు ఆ కాలమంతా సగం ఆప్తుడే. "చిత్రం ఉన్నది, జీతగాళ్ళు లేక ఆలస్యమవుతున్నది, ఫలానా నాటికి ఇస్తాము" అన్న ఒక్క పంక్తిని అందరికీ వినబడేటట్లు పలికి ఉంటే కొండకర్లలో ఒక వృద్ధునికి నిద్ర చెడేది కాదు. ఖాళీ చోటును మరొకరు భయంతో నింపినారు, దానిమీద రూపాయలు కూడా సంపాదించినారు. కోశాభిసంహరణం రాజులకే పరిమితమైన విద్య కాదు.

తుపాను విషయం చెప్పవలసి ఉన్నది. మొంథా అక్టోబరు 28 రాత్రి తీరం దాటింది, ధూమకేతువు మరునాడు సూర్యసమీపం చేరింది. అందుచేత ఇది కారణమన్నారు. తార్కికులు దీనికి చెప్పే కాకతాళీయ న్యాయం మా ఊరిలో చెప్పడం సులువు, తాటిచెట్లకూ కాకులకూ కొదువ లేదు. అక్టోబరు, నవంబరు నెలలలో ఏ తోకచుక్కా లేని సంవత్సరాలలో బంగాళాఖాతం మనలను విడిచిపెట్టినదా?

ఆ సాయంకాలం దోనె వృద్ధుడు గుడికి వచ్చినాడు. పైన వ్రాసినదంతా అతనికి చెప్పలేదు. తుపానుకు, దానికి సంబంధం లేదని, శాంతి అక్కరలేదని, ఆకాశదీపానికి కాస్త నువ్వులనూనె తెస్తే చాలునని చెప్పినాను. అతనికి నమ్మకం కుదిరినట్లు లేదు. "మరైతే ఫొటో ఎందుకు దాసినారు?" అన్నాడు. వచ్చినప్పుడు చూపిస్తానన్నాను.

నవంబరు 20న చూపించినాను. అంగారకనౌక తీసిన చిత్రం, నల్లని నేపథ్యం మీద మసకగా ఒక తెల్లని బిందువు. అతడు దానిని వేళ్ళతో పెద్దది చేసి చూసినాడు, కంటికి దగ్గరగా, దూరంగా పెట్టి చూసినాడు.

"ఇదేనా బాబూ?"

"ఇదే."

"దీనికా ఇన్నాళ్ళు దాసినారు?" అని చరవాణి నా చేతికిచ్చి, తెచ్చిన నూనె సీసా గడప దగ్గర పెట్టి, చీకటి పడకముందే దోనె కట్టుకోవాలని ఆవ వైపు వెళ్ళిపోయినాడు.